గ్యాలరీ దాకా ఎన్ని కిలోమీటర్లు?

2025 ఫిబ్రవరి 1 రాత్రి రూర్కెలాలో హాకీ ఇండియా లీగ్ పురుషుల ఫైనల్ జరిగింది. హైదరాబాద్ తూఫాన్స్ 3-4 తేడాతో బెంగాల్ టైగర్స్ చేతిలో ఓడింది. జుగ్‌రాజ్ సింగ్ హ్యాట్రిక్ కొట్టకపోయి ఉంటే కప్పు హైదరాబాద్ పేరుమీదే ఉండేది. ఆ సీజన్‌లో పురుషుల జట్లు ఎనిమిది. వాటిలో రెండు తెలుగు నగరాల తరఫున ఆడాయి. ఒకటి తూఫాన్స్, రెండోది విశాఖపట్నం జట్టుగా బరిలోకి దిగిన గోనాసిక. మరి ఆ సీజన్‌లో తూఫాన్స్ హైదరాబాద్‌లో ఎన్ని మ్యాచ్‌లు ఆడింది? సున్నా. గోనాసిక విశాఖలో? అదీ సున్నా. లీగ్ అంతా ఒడిశాలోని రూర్కెలాలో, ఝార్ఖండ్‌లోని రాంచీలో ముగిసిపోయింది.

హాకీ అభిమాని మైదానానికి ఎందుకు రావడం లేదన్న ప్రశ్న మన దగ్గర తరచూ వినిపిస్తుంది. టీవీ వచ్చాక జనం బద్ధకస్తులయ్యారని కొందరు, క్రికెట్ మింగేసిందని మరికొందరు చెబుతారు. అనంతపురంలో ఈ మాట ఎత్తితే మాత్రం జవాబు ప్రశ్నగా తిరిగొస్తుంది: "యాడ ఆడతాండారో చెప్పన్నా, పోదాం." ఈ కథనానికి మూలం ఆ ప్రశ్నే. దానికి జవాబు కిలోమీటర్లలో, లీటర్లలో, రూపాయల్లో వెతుకుదాం.

అనంతపురం నుంచి రూర్కెలాకు పటం మీద నేరుగా గీత గీస్తే 1,100 కిలోమీటర్ల పైమాటే. రైలు నేరుగా పోదు కాబట్టి అసలు దూరం ఇంకా ఎక్కువ. రాష్ట్రం లోపలే ఉందాం అనుకుంటే, 2023 ఫిబ్రవరిలో సీనియర్ మహిళల జాతీయ హాకీ పోటీలు కాకినాడలో జరిగాయి. కాకినాడ కూడా మనకు నేరుగీతలో 550 కిలోమీటర్ల అవతల ఉంది. విశాఖ 680 దాటుతుంది. జాతీయ స్థాయి హాకీ చూడదగ్గ ఊళ్లలో మనకు అందుబాటులో ఉన్నది పక్క రాష్ట్రంలోని బెంగళూరు ఒక్కటే. అదైనా రోడ్డు మీద 215 కిలోమీటర్లు.

బెంగళూరు లెక్కే చూద్దాం. హాకీ మ్యాచ్ 15 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, అంటే 60 నిమిషాలు. విరామాలు, పెనాల్టీ కార్నర్లకు ఆగే గడియారం, రివ్యూలు అన్నీ కలుపుకొన్నా గంటా నలభై నిమిషాల్లో ఆట అయిపోతుంది. బస్సులో పోవడానికి నాలుగున్నర గంటలు, రావడానికి మరో నాలుగున్నర. ఒక నిమిషం ఆట కోసం అయిదారు నిమిషాలు బస్సులో కూర్చోవాలి. రోజంతా సాగే క్రికెట్‌కైతే పోనురాను తొమ్మిది గంటలు పెట్టినా ఏడు గంటల ఆట దక్కుతుంది. దూరం ఒకటే అయినా పొట్టి ఆటకు అది మోయలేని బరువు. హాకీని అరవై నిమిషాలకు కుదించడం టీవీ చూసేవాళ్లకు సౌకర్యమే కావచ్చు. దూరం నుంచి రావాల్సినవాడికి ఆ కుదింపు నష్టమే చేసింది. ఈ సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి బయల్దేరేవాడికి అనంతపురం చేరడానికే మరో 60 కిలోమీటర్లు. లీగ్ మ్యాచ్‌లు ఎక్కువగా రాత్రి ఎనిమిది దాటాక మొదలయ్యాయి. అలాంటి మ్యాచ్ చూసి బయటికొచ్చేసరికి పదవుతుంది. ఆ వేళకు పల్లెవెలుగు బస్సు ఉండదు. కాబట్టి ఒక పూట ఆటకు రెండు రోజులు పోతాయి. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. ఇద్దరు అన్నదమ్ములు రెండు రోజులు పని మానుకుంటే పోయేది 1,228 రూపాయలు. బస్సు చార్జీలు, తిండి ఇందులో కలపలేదు. లీగ్‌లో ప్రవేశం ఉచితంగానే ఇచ్చారు. టికెట్ సున్నా అయినంత మాత్రాన ఆట ఉచితం కాదు.

ఇక్కడ అమెరికా, కెనడాల్లోని మన పిల్లల మాట ఒకటి చెప్పుకోవాలి. అక్కడ హాకీ అంటే మంచుమీది ఆట. 2024-25లో ఎన్‌హెచ్ఎల్‌లో 32 జట్లు, ఒక్కో జట్టుకు 82 లీగ్ మ్యాచ్‌లు. అందులో సగం, అంటే 41, సొంత ఊళ్లోనే. టికెట్ ధర, పార్కింగ్ ఖర్చు చూసి ఇంట్లోనే ఉండిపోయే టొరంటో అభిమాని 41 సార్లు ఆలోచించుకుని మానుకుంటాడు. అనంతపురం అభిమానికి మానుకునే అవకాశం కూడా రాలేదు. ఇద్దరూ సోఫాలోనే ఉన్నారు కదా అని ఇద్దరినీ ఒకే గాటన కట్టకూడదు.

ఇప్పుడు టీవీ మీది నేరారోపణ చూద్దాం. హాకీ బంతి చుట్టుకొలత 224 నుంచి 235 మిల్లీమీటర్లు. క్రికెట్ బంతీ దాదాపు అంతే. అడ్డంగా కొలిస్తే ఏడు సెంటీమీటర్ల చిల్లర. గ్యాలరీలో 60 మీటర్ల దూరంలో కూర్చున్నవాడి కంటికి ఆ బంతి పున్నమి చంద్రుడిలో ఏడో వంతు కనిపిస్తుంది. 43 అంగుళాల టీవీ తెర వెడల్పు 95 సెంటీమీటర్లు. కెమెరా ఒకేసారి 40 మీటర్ల మైదానాన్ని చూపిస్తుంటే తెరమీద బంతి మిల్లీమీటరున్నర పైచిలుకు, అంటే ఆవగింజంత. ఎనిమిది అడుగుల దూరం నుంచి చూస్తే అది గ్యాలరీలో కనిపించే బంతిలో అరవై శాతం కూడా ఉండదు. ఫోన్‌లోనైతే బంతి పావు మిల్లీమీటరు. ఫోన్ కంటికి దగ్గరగా పెట్టుకుంటాం కాబట్టి సరిపోతుందంతే.

మామూలు దృశ్యంలో గెలిచేది గ్యాలరీయే అన్నమాట. బంతి లేనిచోట ఫార్వర్డ్ ఎటు పరుగెత్తుతున్నాడో, డిఫెండర్లు గీత ఎలా కాస్తున్నారో మైదానంలో కూర్చున్నవాడికే పూర్తిగా తెలుస్తుంది. టీవీ గెలిచేది ఒక్క చోట. డ్రాగ్ ఫ్లిక్ బంతి గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వెళ్లిందనుకుంటే, గోల్ ముందుండే అర్ధవృత్తం, అంటే డీ, అంచు నుంచి గోల్ దాకా ఉన్న 14.63 మీటర్లను అర సెకను లోపే దాటేస్తుంది. కంటి రెప్ప ఒకటి రెండుసార్లు పడి లేచేలోపు గోల్ అయిపోతుంది. బంతి ఎవరి కాలికి తగిలింది, ఎవరి కర్రకు తగిలి దారి మళ్లింది అన్నది రీప్లేలో తప్ప తెలియదు. దీనికి మందు ఉంది, మైదానంలో పెద్ద తెర పెట్టి రీప్లే చూపించడం. టీవీ ఎత్తుకుపోయిన అభిమాని వాటా అంత పెద్దదేమీ కాదని నా నమ్మకం. పైగా ఆ లీగ్‌ను దూరదర్శన్‌లో చూపించారు. ఈ మాత్రం హాకీ అనంతపురం పల్లెల దాకా వచ్చిందంటే అది టీవీ పుణ్యమే. దాన్ని దొంగ అనడం అన్యాయం.

అసలు దొంగతనం 1976లో మొదలైంది. ఆ ఏడు మాంట్రియల్ ఒలింపిక్స్‌లో తొలిసారి కృత్రిమ టర్ఫ్ మీద హాకీ ఆడించారు. 1928 నుంచి అప్పటిదాకా ఆడిన ప్రతి ఒలింపిక్స్‌లోనూ పతకం తెచ్చుకున్న భారత్ ఏడో స్థానంలో నిలిచింది. పతకం సంగతి అందరూ చెప్పేదే. ప్రేక్షకుడి సంగతి అంతగా చెప్పరు. అంతకుముందు హాకీకి కావాల్సింది చదునైన నేల, రెండు గోల్ పోస్టులు. బడి మైదానంలో, పోలీసు పరేడ్ గ్రౌండ్‌లో, రైల్వే స్థలంలో ఎక్కడైనా పెద్ద పోటీ పెట్టొచ్చు. టర్ఫ్ వచ్చాక పెద్ద ఆట అంతా టర్ఫ్ ఉన్న కొద్ది ఊళ్లకు తరలిపోయింది. దానితోపాటే గ్యాలరీ కూడా తరలిపోయింది. ప్రేక్షకుడు తన ఊళ్లోనే ఉండిపోయాడు.

అనంతపురానికి ఈ మార్పు మరీ గట్టిగా తగలడానికి కారణం నీళ్లు. అంతర్జాతీయ స్థాయి హాకీకి వాడుతూ వస్తున్న టర్ఫ్‌ను ఆటకు ముందు తడపాలి. తడి ఉంటేనే బంతి సాఫీగా జారుతుంది, పడ్డ ఆటగాడి మోకాలు చీరుకుపోదు. మైదానం కొలతలు 91.4 మీటర్లు, 55 మీటర్లు. గీతల అవతల వదిలే అంచుతో కలిపితే దాదాపు 6,400 చదరపు మీటర్లు. ఒక్క మిల్లీమీటరు మందాన తడపాలంటే 6,400 లీటర్లు కావాలి. రెండు మిల్లీమీటర్లు తడుపుదామంటే 12,800 లీటర్లు. పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున ఇవ్వాలని జల్ జీవన్ మిషన్ పెట్టుకున్న లెక్క. ఆ ప్రకారం రెండు మిల్లీమీటర్ల తడుపు నీళ్లు ఒక్కసారికే 230 మందికి ఒక రోజు సరిపోతాయి.

ఏడాదికి సగటున 552 మిల్లీమీటర్లు కురిసే నేల ఇది. దేశంలో జైసల్మేర్ తర్వాత తక్కువ వాన ఇక్కడేనన్న మాట వింటూనే ప్రతి అనంతపురం వాడూ పెరుగుతాడు; ఆ మాట అక్షరాలా నిజం కాకపోయినా కరువు నిజమే. వేరుశనగ చేనుకు అదునులో ఒక్క తడి దొరక్క పంట మొత్తం ఎండిపోవడం చూసిన కళ్లు ఇక్కడివి. అలాంటి చోట ప్లాస్టిక్ గడ్డికి నీళ్లు పడదామని ఏ అధికారైనా ఎలా అడగగలడు? అడగకూడదనే అంటాను. హాకీ మీద ఎంత ప్రేమున్నా ఈ విషయంలో నేను చేనువైపే.

అయితే ఆ తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. అంతర్జాతీయ హాకీ సమాఖ్యే నీళ్లు అక్కర్లేని టర్ఫ్ కోసం కొన్నేళ్లుగా ప్రయత్నిస్తోంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పరిచిన టర్ఫ్‌ను తక్కువ నీటితో నడిచేలా తయారుచేశారు. పొడి టర్ఫ్ మీద పెద్ద పోటీలు జరిగే రోజు వస్తే దానివల్ల అందరికంటే ఎక్కువ లాభపడాల్సింది మనలాంటి జిల్లాలే. ఆ మార్పును కనిపెట్టుకుని ఉండాల్సిన బాధ్యతా మనదే.

రూర్కెలా సంగతికి తిరిగి వద్దాం. అక్కడి బిర్సా ముండా స్టేడియంలో కుర్చీలు 20,011. అందరూ కూర్చుని చూసే హాకీ స్టేడియాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదని గిన్నిస్ గుర్తింపు కూడా ఉంది. 2023 జనవరిలో ప్రపంచకప్ కోసం దాన్ని తెరిచారు. జనవరి 13న భారత్, స్పెయిన్ మ్యాచ్‌కు స్టేడియం కిక్కిరిసింది. భారత్ 2-0తో గెలిచింది. తొలి గోల్ కొట్టినవాడు అమిత్ రోహిదాస్. ఆయన ఊరు రూర్కెలా ఉన్న సుందర్‌గఢ్ జిల్లాలోనే సౌనామారా. భారత్‌కు 412 మ్యాచ్‌లు ఆడిన దిలీప్ తిర్కీ ఊరూ అదే.

కొత్త స్టేడియం కట్టగానే ఇరవై వేల మంది ఊడిపడలేదు. సుందర్‌గఢ్ పల్లెల్లో పిల్లలు వెదురు కర్రలతో హాకీ మొదలుపెడతారు. ఊళ్ల మధ్య పోటీలు పెడితే గెలిచిన జట్టుకు మేకపోతు బహుమతి. దాన్ని ఖస్సీ టోర్నీ అంటారు. గెలిచిన రాత్రి ఊరంతా కలిసి వండుకుని తింటుంది. అక్కడ గ్యాలరీలో కూర్చున్న తల్లి తన కొడుకు కర్ర పట్టుకోవడం చూసింది, తాత తన కాలంలో తానూ ఆడాడు. రోహిదాస్ గోల్ కొట్టినప్పుడు లేచి నిలబడ్డ వాళ్లలో చాలామందికి ఆ అబ్బాయి పక్క ఊరి వాడు.

నెదర్లాండ్స్‌లోనూ లెక్క ఇలాగే తేలుతుంది. కోటీ ఎనభై లక్షల జనాభాలో హాకీ సంఘం సభ్యులు సుమారు రెండున్నర లక్షలు. దాదాపు డెబ్బై మందిలో ఒకరు. అక్కడ చూసేవాళ్లలో ఎక్కువమంది ఆడినవాళ్లో, ఆడేవాళ్ల అమ్మానాన్నలో. ఒకటి వెదురు కర్రల పల్లె, ఇంకొకటి సంపన్న దేశం. రెండింటినీ కలిపేది ఒక్కటే: కర్ర పట్టిన చేతులు ఎక్కడుంటే చూసే కళ్లూ అక్కడే ఉంటాయి.

మరి అనంతపురం జనానికి ఆట చూసే ఓపిక లేదా? ఉందనడానికి సాక్ష్యం కళ్లముందే ఉంది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ ఆరు మ్యాచ్‌ల్లో అయిదు అనంతపురంలోనే, ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) క్రీడాగ్రామం మైదానాల్లో జరిగాయి. అది అయిదు రోజుల టెస్టు కాదు, ఇరవై ఓవర్ల మెరుపూ కాదు, నాలుగేసి రోజుల దేశవాళీ క్రికెట్. దేశంలో చాలాచోట్ల ఇలాంటి మ్యాచ్‌లకు మెట్లు ఖాళీగా ఉంటాయి. ఇక్కడికి మాత్రం జనం వచ్చారు. రుతురాజ్ గైక్వాడ్ కాళ్లకు మొక్కడానికి ఒక కుర్రాడు మైదానంలోకి దూకేశాడు. ఇండియా-సి తరఫున మానవ్ సుతార్ ఒకే ఇన్నింగ్స్‌లో ఏడు వికెట్లు, తర్వాతి మ్యాచ్‌లో అన్షుల్ కంబోజ్ ఎనిమిది వికెట్లు తీసింది ఈ నేల మీదే. ఆ సంగతులు ఇప్పటికీ టీ కొట్ల దగ్గర మాటల్లోకి వస్తాయి.

క్రికెట్ కాబట్టి వచ్చారంటారా? అయితే పల్లెలకు పోయి బండలాగుడు చూడండి. తిరునాళ్లప్పుడు, ఉగాదికి, ఎద్దుల జతలు పెద్ద బండను ఎంత దూరం లాగుతాయో చూడటానికి జనం ఎండలో గంటలకొద్దీ నిలబడతారు. అక్కడ కుర్చీల్లేవు, తెర లేదు, రీప్లే లేదు. నీడకు ఒక చింతచెట్టు ఉంటే గొప్ప. అయినా వస్తారు, ఎందుకంటే ఆ ఎద్దులు ఎవరివో తెలుసు, వాటిని మేపిన చేతులు ఎవరివో తెలుసు, పోటీ జరిగేది నడిచి వెళ్లే దూరంలో. మన జనం ఇంటిపట్టున ఉండేరకం కాదు.

ఒకప్పుడు హైదరాబాద్‌కూ ఈ దగ్గరితనం ఉండేది. 1992, 1996, 2000 ఒలింపిక్స్ ఆడిన ముకేశ్ కుమార్ ఆ నగరం వాడు. 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడల్లో భారత్ పాకిస్తాన్‌ను ఓడించి హాకీ స్వర్ణం గెలిచింది హైదరాబాద్‌లోనే. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదలైనప్పుడు మొదటి సీజన్‌కు వేదిక కూడా ఆ నగరమే, గచ్చిబౌలి స్టేడియం. సొంత ఊళ్లో ఆడిన హైదరాబాద్ సుల్తాన్స్ ఆ ఏడు విజేతగా నిలిచింది. గచ్చిబౌలి అప్పటికి ఊరి చివర, నగరానికి మెట్రో రావడానికి ఇంకా పన్నెండేళ్లుంది. లీగ్ 2008తో ఆగిపోయింది. సుల్తాన్స్ గెలిచిన ఇరవై ఏళ్లకు తూఫాన్స్‌తో హైదరాబాద్ పేరు ఫైనల్ దాకా వెళ్లింది, ఈసారి జట్టు మాత్రం సొంత ఊళ్లో ఆడలేదు. సుల్తాన్స్ గెలిచినప్పుడు పదేళ్ల పిల్లవాడు ఇప్పుడు ముప్పై దాటిన తండ్రి. తన కొడుకును ఏ స్టేడియానికి తీసుకుపోయి చూపించాలి?

రాయలసీమకు తన సొంత హాకీ పేరు ఒకటి ఉంది: ఎతిమరపు రజని. అప్పటి చిత్తూరు జిల్లా యెర్రావారిపాలెం మండలంలోని పల్లె నుంచి వచ్చిన గోల్ కీపర్. 2017లో ఆసియా కప్ గెలిచిన, 2018 ఆసియా క్రీడల్లో రజతం తెచ్చిన భారత మహిళల జట్లలో ఆమె ఉంది. ఒకటి జపాన్‌లో, ఇంకొకటి ఇండోనేషియాలో. సీమ ఆడపిల్ల దేశానికి గోల్ కాపలా కాసిన ఆ ఆటలను సీమ జనం చూసే వీలు తెరమీద మాత్రమే దొరికింది. చూడాలన్న కోరిక లేక కాదు.

ఆడపిల్లల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. గ్యాలరీకి ఆడవాళ్లు రావాలంటే శుభ్రమైన మరుగుదొడ్డి, తాగే నీళ్లు, చీకటి పడకముందే ముగిసే ఆట, ఇంటికి చేర్చే బస్సు కావాలి. ఈ నాలుగూ లేనిచోట సగం జనాభాను ముందే లెక్కలోంచి తీసేసినట్టు. జనవరి సాయంత్రాలు అనంతపురంలో హాయిగా ఉంటాయి. వేరుశనగ నూర్పిళ్లు అయిపోయి, సంక్రాంతికి బిడ్డలు ఇళ్లకు చేరే కాలం. మధ్యాహ్నం మూడున్నరకు మొదలుపెడితే అయిదుంబావుకల్లా మ్యాచ్ ముగుస్తుంది, చివరి బస్సుకు ఇంకా వేళ ఉంటుంది.

ఆట మాత్రం ఎక్కడ? ఆర్డీటీ క్రీడాగ్రామంలో పిల్లలు హాకీ నేర్చుకుంటున్నారు. 1969లో ఈ కరువు సీమకు వచ్చి పని మొదలుపెట్టిన విన్సెంట్ ఫెర్రర్ సంస్థ అది. ఇక్కడ కర్ర పట్టిన చేతులున్నాయి. లేనిది ఊళ్ల మధ్య పోటీ. దానికి పెద్ద టర్ఫ్ కోసం ఆగనక్కర్లేదు. అయిదుగురేసి ఆడే హాకీ5ఎస్ వచ్చింది. 2024 జనవరిలో ఒమన్‌లో దానికి ప్రపంచకప్ కూడా జరిగింది, మహిళల్లో భారత్ ఫైనల్ చేరింది. ఆ మైదానం మామూలు మైదానంలో సగం కూడా ఉండదు. పది నిమిషాల చొప్పున రెండు భాగాలు, మ్యాచ్ అయిపోయినట్టే. ఒక మధ్యాహ్నంలో ఎనిమిది ఊళ్ల జట్లు ఆడి ఫైనల్ కూడా ముగించొచ్చు. మండల కేంద్రంలో హైస్కూలు మైదానాన్ని రోలరుతో చదును చేసి, సున్నం గీతలు కొట్టి, రెండు వైపులా పందిళ్లు వేస్తే చాలు. తడపాల్సిన నీళ్లు దుమ్ము అణగడానికి ఒక ట్యాంకరు.

గెలిచిన ఊరికి ఒక పొట్టేలు. అనంతపురంలో గొర్రెలకు కొదవ లేదు. కళ్యాణదుర్గం పల్లెలో ఉన్న అభిమానికి అప్పుడు గ్యాలరీ దూరం రెండు, మూడు కిలోమీటర్లు. నడిచే వెళ్తాడు.